మొటిమల గడ్డానికి ఫాయిల్ షేవర్: మరీ నున్నగా గీయదు, నాకు కావాల్సిందీ అదే

ఈ ఎలక్ట్రిక్ ఫాయిల్ షేవర్‌తో గీసుకున్నాక బుగ్గ మీద వేలిని కింది నుంచి పైకి రాస్తే కొంచెం గరుకు తగులుతుంది. ఆ గరుకు మిగలడం వల్లే నా మెడ బాగుపడింది. అందుకే వాట్లు, బ్యాటరీ, ఛార్జింగ్ సంగతులన్నీ వదిలేసి దాని గురించే చెబుతాను.

నాకు దవడ కింద, మెడ మీద ఎప్పుడూ ఎర్రటి పొక్కులుండేవి. రోజూ మియాపూర్ నుంచి బైక్ మీద ఆఫీసుకు వెళ్తాను. హెల్మెట్ పట్టీ సరిగ్గా అక్కడే ఒరుసుకుంటుంది, ఎండాకాలంలో దాని కింద చెమట. అన్నీ మొటిమలే అనుకుని క్రీములు రాస్తుంటే, వాటిలో సగం లోపలికి పెరిగిన వెంట్రుకలని చర్మ డాక్టర్ చెప్పారు. రెండు మూడు బ్లేడ్లున్న రేజర్‌లో ముందు బ్లేడు వెంట్రుకను కాస్త పైకి లాగుతుంది, వెనక బ్లేడు కోస్తుంది. మిగిలిన ముక్క చర్మం లోపలికి జారిపోతుంది. మళ్లీ పెరిగేటప్పుడు ఆ పదునైన మొన దారి తప్పి పక్క చర్మంలో గుచ్చుకుంటే అక్కడ పొక్కు లేస్తుంది. ఎంత నున్నగా గీస్తే అంత ఇబ్బంది. సెలూన్‌లో పైన పటిక కూడా రుద్దేవారు. ఆ మంట గుర్తొస్తే ఇప్పటికీ మెడ తడుముకుంటాను.

ఫాయిల్ షేవర్‌లో బ్లేడు నేరుగా చర్మాన్ని తాకదు. మధ్యలో సన్నటి రంధ్రాలున్న పలుచటి రేకు ఉంటుంది, రంధ్రంలోకి దూరిన వెంట్రుకే తెగుతుంది. అందుకే కోత చర్మం కన్నా వెంట్రుకవాసి పైనే ఆగుతుంది. గుండ్రటి మూడు తలలున్న షేవర్ మా తమ్ముడికి ఉంది, అదీ వాడి చూశాను. అడ్డదిడ్డంగా పెరిగే వెంట్రుకలను అది బాగా పట్టుకుంటుంది గానీ, అలా గుండ్రంగా తిప్పి తిప్పి రుద్దితే నా మెడ కందిపోయింది. ఫాయిల్‌ను నిటారుగా ఆనించి, నొక్కకుండా, తిన్నగా లాగితే చాలు. చర్మం అలవాటు పడటానికి రెండు మూడు వారాలు పడుతుందని కంపెనీలే చెబుతాయి. నాకైతే మొదటి వారం మెడ ఇంకాస్త ఎర్రబడింది. అక్కడే మానేసేవాళ్లు చాలామంది ఉంటారు. కొన్నాళ్లు ఓపిక పట్టాక కొత్త పొక్కులు రావడం బాగా తగ్గింది. చిన్నప్పటి నుంచీ అద్దం ముందు నిలబడాలంటే టెన్షన్ పడిన నాకు అది ఎంత ఊరటో మాటల్లో చెప్పలేను.

కొన్న కొత్తలో "నీళ్లు అక్కర్లేదు, నురగ అక్కర్లేదు, పొడిగా గీసుకోవచ్చు" అని ఆఫీసులో అందరికీ చెప్పాను. చలికాలంలో అది నిజమే. వానాకాలంలో ముఖం జిగటగా ఉన్నప్పుడు మాత్రం ఫాయిల్ జారదు, పట్టేస్తుంది. ముఖం కడుక్కుని, పూర్తిగా ఆరాకే మొదలుపెట్టాలి. ఇంకోటి, రాపిడికి ఫాయిల్ వేడెక్కుతుంది. చల్లగా ఉన్నప్పుడే ముందు మెడ గీసేసుకుని, బుగ్గలు తరవాత చేసుకుంటాను. పెద్దగా ఉబ్బిన మొటిమ ఉంటే దాని మీద నుంచి పోను, చుట్టూ గీసి వదిలేస్తాను. ఫాయిల్ ఉన్నా అది రేగుతుంది.

ఇక అసలు బాధ. ఓ ఎండాకాలంలో కుడి దవడ కింద మళ్లీ ఎరుపు మొదలైంది. అన్నీ ఒకే చోట, ఒకే వాలులో. సాయంత్రానికి చెమట తగిలి భగ్గుమనేది, మర్నాడు వాటి మీద చిన్న చీము పొక్కులు. మొటిమలు తిరిగొచ్చాయనుకుని రాత్రిపూట రాసే అడాపలీన్ అనే మొటిమల క్రీమ్ రాస్తే మంట ఇంకా పెరిగింది. చివరికి డాక్టర్ దగ్గరికే వెళ్లాను. ఆవిడ లెన్స్ పెట్టి చూసి, "ఇవి మొటిమలు కావండీ, గీతలు. మీ షేవర్ తల ఒకసారి వెలుతురులో పెట్టి చూడండి" అన్నారు. మానేదాకా క్రీమ్ ఆపేయమన్నారు.

ఇంటికొచ్చి తల ఊడదీసి ట్యూబ్‌లైట్‌కు ఎదురుగా పట్టుకుని చూశాను. అంచు దగ్గర రెండు రంధ్రాల మధ్య రేకు అరిగి, రెండూ కలిసిపోయాయి. వేలికి ఏమీ తెలియలేదు. దూది తీసి మెల్లగా రాస్తే పోగు చిక్కుకుంది. ఇన్నాళ్లూ అదే నా చర్మాన్ని చీరుతోంది. అప్పటి నుంచి అప్పుడప్పుడూ దూదితో చూస్తుంటాను, మీరూ చూడండి.

సర్వీస్ సెంటర్‌లో ఆ మోడల్ తల స్టాక్ లేదన్నారు. ఎప్పుడొస్తుందో తెలీదట, ఎక్స్ఛేంజ్‌లో కొత్త షేవర్ తీసుకోమన్నారు. మోటారు బాగుంది, బ్యాటరీ బాగుంది, అరిగింది పలుచటి రేకు ఒక్కటే. దానికోసం మొత్తం పారేయమనడం నాకు అస్సలు మింగుడు పడలేదు. కోఠీలో గుజరాతీ గల్లీకి వెళ్తే ఒక షాపతను ఆ తలవే రెండు పెట్టెలు, ఒరిజినల్ ఒకటి, డూప్లికేట్ ఒకటి, ముందు పెట్టాడు. చవకది చేతిలోకి తీసుకోగానే, "అన్నా, మొటిమలున్న ముఖానికైతే ఇది వద్దు" అని తనే పక్కకు జరిపాడు. అమ్ముకునేవాడు అలా అనడం నాకు చాలా నచ్చింది. ఒరిజినల్ మాత్రం దాదాపు షేవర్ ధరలో సగం. ఆ ధర మీద కోపం ఇప్పటికీ పోలేదు. వాడకాన్ని బట్టి ఏడాది, రెండేళ్లకోసారి తల మార్చాల్సిందే. కాబట్టి షేవర్ కొనేముందే దాని తల విడిగా దొరుకుతుందా, ఎంతకు దొరుకుతుందని అడగండి. నా లెక్కలో మిగతా గొప్పలన్నీ దీని తరవాతే.

మన ఊళ్లో ఇంకో చిక్కు నీళ్లు. మా అపార్ట్‌మెంట్‌కు మంజీరా నీళ్లు రోజు విడిచి రోజు వస్తాయి, మిగతాదంతా బోరు నీళ్లే. బోరు నీళ్లతో కడిగి ఆరబెడితే ఫాయిల్ మీద తెల్లటి ఉప్పు పొర కడుతుంది, గరుకుగా తగులుతుంది. అందుకే చివర్లో ఒక గ్లాసు ఫిల్టర్ నీళ్లు పోస్తాను. ఆరాక స్విచ్ ఆపేసి ఉన్నప్పుడే స్పిరిట్‌తో తుడుస్తాను, పొక్కుల క్రిములు మళ్లీ ముఖానికి చేరకుండా. వారానికోసారి ఒక చుక్క కుట్టుమిషన్ నూనె. ఇంత పని ఉంటుందని కొనేటప్పుడు ఎవరూ చెప్పరు.

నాకు ఇది సరిపోవడానికి కారణాలున్నాయి. నా గడ్డం పలుచన, రోజు విడిచి రోజు గీసుకుంటాను, ఆఫీసులో కొద్దిగా గరుకున్నా ఎవరూ ఏమీ అనరు. రోజూ నున్నగా కనిపించాల్సిన ఉద్యోగమైతే ఇది మీకు విసుగు తెప్పించొచ్చు. మొటిమలు ముదిరితే ఇచ్చే ఐసోట్రెటినాయిన్ మాత్రలు వాడుతున్నవాళ్ల చర్మం చాలా సున్నితంగా ఉంటుంది, డాక్టర్‌ను అడిగాకే ఏదైనా మొదలుపెట్టండి. మా తమ్ముడిది ఒత్తైన, రింగులు తిరిగిన గడ్డం. వాడూ ఇదే కొంటానంటే వద్దన్నాను. ట్రిమ్మర్‌తో ఒక మిల్లీమీటర్ వదిలి కత్తిరించుకుంటున్నాడు, ప్రస్తుతానికి వాడి మెడ నా మెడ కన్నా బాగుంది.