మెదడు కణితిలో మందు జాడ: ఫ్లోరోసెన్సా, పెట్ స్కానా?

ఇమ్యునోథెరపీలో, అంటే ఒంటి రోగనిరోధక శక్తితోనే క్యాన్సర్‌ను ఎదుర్కొనే చికిత్సలో, మందుగా ఇచ్చే యాంటీబాడీలు పెద్ద అణువులు, అణుభారం దాదాపు 150 కిలోడాల్టన్లు. రక్తానికీ మెదడుకూ మధ్య ఉన్న అడ్డుగోడ దాటి అవి కణితిని చేరాయా అన్నదే అసలు ప్రశ్న.

ఒంట్లోని రేడియోధార్మిక పదార్థం జాడను బయటి నుంచే చూపే పెట్ స్కాన్ కోసం యాంటీబాడీకి జిర్కోనియం-89 అనే రేడియోధార్మిక లోహాన్ని తగిలిస్తారు. దాని అర్ధాయువు (రేడియోధార్మికత సగానికి తగ్గే కాలం) సుమారు 78 గంటలు కనుక పుర్రె తెరవకుండానే రోజుల తరబడి మందును వెంబడించవచ్చు. రేడియేషన్ మాత్రం తప్పదు. కొద్ది మిల్లీమీటర్ల కంటే చిన్న తేడాలూ తెలియవు.

ఫ్లోరోసెన్స్‌లో తగిలించేది వెలిగే రంగు. 800 నానోమీటర్ల దగ్గరి ఆ వెలుగు కణజాలంలో మహా అయితే సెంటీమీటరు లోతు నుంచే బయటికొస్తుంది. అందుకే మనుషుల్లో ఇది ఆపరేషన్ వేళ పనికొచ్చే పద్ధతి. అయితే తీసిన ముక్కను మైక్రోస్కోప్ కింద పెడితే మందు ఏ కణానికి అంటుకుందో, ఎక్కడ రక్తనాళం పక్కనే ఆగిపోయిందో కనిపిస్తుంది. అడ్డుగోడ ఇంకా చెక్కుచెదరని కణితి అంచుల్లో సరిగ్గా ఇదే తేలాలి. ఆ ఒక్క కారణానికే నా మొగ్గు ఫ్లోరోసెన్స్ వైపు.