రేకు జాలీల వ్యానుతో ఐదు ఎండాకాలాలు

నేను మహారాష్ట్రలోని ధర్మాబాద్ వాణ్ణి. మా ఊరి పేరు చెబితే ఎవరికైనా మిరప మార్కెట్ గుర్తొస్తుంది గానీ, మా ఇంట్లో మిరప వ్యాపారం నాన్నతోనే ఆగిపోయింది. నాది అరటి. అర్ధాపూర్, ముద్ఖేడ్ వైపు తోటల్లో కాయ కొని, నాందేడ్‌లో పార్సిల్ వ్యాను, అంటే రైలుకు తగిలించే సరుకు పెట్టె, ఎక్కించి ఢిల్లీకి పంపుతాను. వ్యాను మొత్తం ఒక్కణ్ణే నింపే స్థోమత లేదు. ముగ్గురం కలిసి ఒకటి మాట్లాడుకుంటాం. ఇన్నేళ్ళలో ఆ వ్యానులో నాకు మనసుకు నచ్చిన వస్తువు ఒక్కటే, పక్కగోడలకు ఉండే రేకు జాలీలు.

వ్యానులో 23 టన్నులు పడుతుంది, పొడవెంత, తలుపులెన్ని అనేవి పార్సిల్ ఆఫీసులో ఎవరిని అడిగినా చెబుతారు. జాలీల సంగతి ఎవరూ చెప్పరు. మా హమాలీలు వాటిని ఝరోకాలంటారు. ఒకదాని కింద ఒకటి ఏటవాలుగా పెట్టిన రేకు పలకలు. వాన నీళ్ళు బయటికి జారిపోవాలి, గాలి లోపలికి దూరాలి, దాని తెలివంతా అంతే. మోటారు లేదు, డీజిల్ లేదు, చెడిపోవడానికి అందులో ఏమీ లేదు. మొదటిసారి వ్యాను కదిలిపోతుంటే ప్లాట్‌ఫారం చివరిదాకా నడుచుకుంటూ వెళ్ళి చూశాను. మేం కింద పరిచిన ఎండు అరటాకు ముక్క ఒకటి జాలీ సందులో ఇరుక్కుని ఉంది. బండి మెల్లగా పోతున్నంతసేపు అది కదల్లేదు. ఇంజను కాస్త లాగేసరికి గిలగిలా కొట్టుకోవడం మొదలుపెట్టింది. లోపల గాలి ఆడుతోందని అప్పుడు నమ్మకం కుదిరింది.

నమ్మకం సరే, లెక్క కూడా కావాలి కదా. రెండో ఏడు మా అబ్బాయి పెన్ డ్రైవ్ అంత ఉండే టెంపరేచర్ లాగర్లు మూడు తెప్పించాడు, ఎప్పుడెంత వేడి ఉందో అవే రాసిపెట్టుకుంటాయి. ఒకటి జాలీ పక్క క్రేటులో, ఒకటి సరిగ్గా నడిమధ్య, ఒకటి పైవరసలో పెట్టాం. ఢిల్లీలో మా ఆడత్‌దారు, అంటే మా కాయ అమ్మిపెట్టే కమీషన్ ఏజెంటు, వాటిని తీసి దాచి, తర్వాతి వారం తిరిగి పంపాడు. ఏప్రిల్ చివరి వారం అది. రాత్రి పదింటికి ఎక్కించేటప్పుడు కాయలో థర్మామీటర్ సూది గుచ్చి చూస్తే 31 డిగ్రీలు. దారిలో తెల్లారేసరికి నడిమధ్య క్రేటులో 27. మధ్యాహ్నం బయట నిప్పులు కురుస్తుంటే 34 దాకా పోయింది, పొద్దుగూకగానే మళ్ళీ దిగింది. కంప్యూటర్ మీద ఆ గీత చూసి పొంగిపోయాను. పైసా ఖర్చు లేకుండా రాత్రి గాలికి నాలుగు డిగ్రీలు! ఆ ఏడాది కనబడిన ప్రతివాడికీ ఫోన్ తీసి ఆ గీత చూపించాను. పెళ్ళిళ్ళలో కూడా.

తెలియనివాళ్ళ కోసం ఒక మాట. గెల కోశాక కూడా కాయ ఊపిరి తీస్తూనే ఉంటుంది. ఆ ఊపిరితో వేడి పుడుతుంది. వేడి పెరిగినకొద్దీ ఊపిరి పెరుగుతుంది, పది డిగ్రీలకు సుమారు రెండింతలు. అందుకే మధ్యలో ఇరుక్కున్న క్రేటు బయటి ఎండ కన్నా తన సొంత వేడితోనే ఎక్కువ మగ్గుతుంది. పైగా ఒక్క కాయ ముందుగా పండిందంటే దాని నుంచి వచ్చే ఇథిలీన్ పక్కవాటిని కూడా పండబెడుతుంది. ఈ వేడినీ ఆ వాయువునూ ఎప్పటికప్పుడు బయటికి తోసెయ్యడమే జాలీ చేసే పని.

గాలి తోయాలంటే దానికి దారి ఉండాలి. హమాలీలకు క్రేటు లెక్కన కూలి కాబట్టి గోడ కట్టినట్టు పేరుస్తారు, జాలీకి ఆనించి మరీ పేరుస్తారు. నేను గోడకు జానెడు దూరం ఉంచి, వరసకూ వరసకూ మధ్య అరచెయ్యంత సందు వదలమన్నాను. బండి కుదుపుకు క్రేట్లు జరిగి సందు మూసుకుపోకుండా మధ్యలో వెదురు బద్దలు నిలబెట్టించాను. అలా పేరిస్తే 23 టన్నుల వ్యానులో 19 టన్నులే పట్టాయి. ఛార్జీ మాత్రం వ్యాను మొత్తానికీ కట్టాల్సిందే. హమాలీల పెద్ద, మా ముకద్దం, చెవి మీది బీడీ సర్దుకుంటూ, "సేఠ్, గాలికి గూడ టికెట్ కొంటున్నవా?" అన్నాడు. నాతో కలిసి లోడు పెట్టిన ఇద్దరూ నవ్వారు గానీ, ఆ నవ్వులో సగం చిరాకే.

రైతుల పంట మోసే కిసాన్ రైలు నడిచిన రోజుల్లో అయితే ఈ గొడవ ఉండేది కాదు. 2020 ఆగస్టు 7న దేవ్‌లాలీ నుంచి దానాపూర్‌కు మొదటిది బయల్దేరింది, తర్వాత పళ్ళకూ కూరగాయలకూ ఛార్జీలో సగం రాయితీ వచ్చింది. ఆ డిసెంబరు 28కల్లా షోలాపూర్ జిల్లా సంగోలా నుంచి నూరో బండి కూడా పోయింది. సగం ఛార్జీకి పంపేటప్పుడు సందు వదలడం ఎవరికీ బరువనిపించదు. పూర్తి ఛార్జీ కట్టి సందులు వదలాలంటే గుండె కావాలి.

ఇంత పొగిడాక మూడో ఏటి మే నెల సంగతి కూడా చెప్పాలి.

బండి వెళ్ళిన మర్నాడు పొద్దున తొమ్మిదింటికి ఫోన్ వచ్చింది. దారిలో ఒక జంక్షన్‌లో మా వ్యాను సిక్ అయిందన్నారు. రైల్వేలో మనుషులకే కాదు, పెట్టెలకు కూడా ఈ మాట వాడతారు. ఇరుసు వేడెక్కుతోందని బండి నుంచి విడదీసి పక్క లైన్లో పెట్టారట. భద్రత కోసం చేసిన పని, దానికి నేను ఎవరినీ తప్పుపట్టను. కానీ ఆ లైను మీద చెట్టు నీడ కూడా లేదు. మరమ్మతు చేసి ఇంకో బండికి తగిలించేసరికి రాత్రి పదకొండయింది. పద్నాలుగు గంటలు వ్యాను కదలకుండా నిలబడిపోయింది, అందులో ఎండ ఉన్నంతసేపూ ఎండలోనే. నేను ఇక్కడ ఫోన్ చేతిలో పట్టుకుని టెన్షన్‌తో ఇంటి ముందు తిరుగుతూనే ఉన్నాను. మా ఆవిడ రెండుసార్లు అన్నం వడ్డించి మళ్ళీ గిన్నెలో వేసేసిందట, నాకు తెలియదు.

ఢిల్లీలో తలుపు తీశాక ఆడత్‌దారు ఫోన్ చేసి, "మాల్ ఫస్ట్ క్లాస్, అంతా హరా" అన్నాడు, అంటే అంతా ఆకుపచ్చగానే ఉందని. ప్రాణం లేచొచ్చింది. ఆ సాయంత్రం ఇంట్లో జిలేబీ పంచాను. మూడు రోజుల తర్వాత మళ్ళీ ఫోన్. రైపెనింగ్ ఛాంబర్‌లో, అదే కాయ పండబెట్టే గదిలో, పెట్టిన కాయ పసుపు రంగు తిరగలేదు. వాట్సాప్‌లో వీడియో పంపాడు. తొక్క వెలిసిపోయిన ఆకుపచ్చగానే ఉంది, బొటనవేలితో నొక్కితే గోరు దాకా లోపలికి దిగిపోతోంది. "ఉడికిపోయింది భాయ్" అన్నాడు. ఆ మాట అంతకు ముందు విన్నాను గానీ కళ్ళతో చూడటం అదే మొదలు. కాయ 35 డిగ్రీలు దాటి గంటల తరబడి ఉంటే పండే వరసే చెడిపోతుంది. లోపల గుజ్జు మెత్తబడుతుంది, తొక్కలోని ఆకుపచ్చ మాత్రం పోదు. దించినప్పుడు అంతా హరా అని మేం సంబరపడిన రంగు అదన్నమాట.

లాగర్లు తిరిగొచ్చాక చూశాం. పదింటికి 35, ఒంటిగంటకు 41, నాలుగింటికి 45. అది ఊహించిందే. నన్ను కుంగదీసింది ఆ తర్వాతి గీత. చీకటి పడి బయట చల్లబడ్డా నడిమధ్య క్రేటు 40 దిగలేదు. పదకొండింటికి బండి కదిలాకే గీత కిందికి వంగింది. అంటే, కిందటేడు నేను పెళ్ళిళ్ళలో చూపించుకు తిరిగిన గీతలో గొప్పంతా ఇంజనుది. బండి ఆగితే జాలీ ఉత్త రేకే. ఆ లోడులో నా వాటా ఆరు టన్నులు. జాలీ పక్క కింది వరసలు సగం ధరకు పోయాయి, మిగతాది పశువుల దాణాకు.

దాంతో నాలుగో ఏడు నాకు ఏసీ మోజు పట్టింది. 2020 జనవరిలో తాడిపత్రి నుంచి 43 రిఫ్రిజిరేటెడ్ కంటైనర్లలో అరటి రైలు ముంబై దగ్గరి జేఎన్‌పీటీ ఓడరేవుకు పోయినప్పటి నుంచి మా వాళ్ళ నోళ్ళలో ఆ మాట నానుతూనే ఉంది. అది ఎగుమతి కాయ, దాని లెక్క వేరు. అయినా ఒక ఏజెంటు ద్వారా మాకూ రైలు మీద పోయే అలాంటి కంటైనర్ దొరికింది. మీటరు 13.5 డిగ్రీల దగ్గర పెట్టించాం. అరటికి 13 కన్నా తగ్గితే తొక్క నల్లబడుతుంది, పైకి పోతే పండటం మొదలవుతుంది.

మధ్యాహ్నం కోసిన కాయ, 33 డిగ్రీల మీద ఉన్నదాన్ని, సాయంత్రానికే ఎక్కించాం. మిషన్ ఉంది కదా అని సందులు వదల్లేదు. ముకద్దం ఆ రోజు ఎంత హుషారుగా పేర్చాడో చెప్పలేను. కాయకు ఒరిపిడి తగలకూడదని అలవాటు కొద్దీ కింద ఎండు అరటాకులు కూడా పరిచాం. ఆ కంటైనర్లలో చల్లగాలి నేల మీది గాడుల్లోంచి వస్తుంది, క్రేట్ల మధ్యగా పైకి లేచి కప్పు కింద నుంచి మిషన్‌కు తిరిగి పోతుంది. ఆ గాడులన్నీ మేమే మా చేతులతో ఆకులు పరిచి మూసేశాం. జాలీ వ్యానులో కాయకు పరుపుగా పనికొచ్చిన ఆకు ఇక్కడ గాలి పీక నొక్కింది. ఢిల్లీలో దించితే మిషన్ వైపు కాయ పచ్చిగా, తలుపు వైపు దోరగా, నడిమధ్య పండిపోయి. ఒకే లోడులో మూడు రకాలుంటే ఛాంబర్‌లో ఎవడు పెడతాడు? నడిమధ్య లాగర్ రెండు రోజులూ 25 పైనే ఉంది.

నాందేడ్‌లో ఒక కోల్డ్ స్టోరేజ్ మెకానిక్‌కు చెబితే, "చల్లగున్నదాన్ని చల్లగ ఉంచనీకే ఆ మిషన్ అన్నా, పొలం వేడి తియ్యనీకె కాదు" అన్నాడు. ఆ మాట నాకు లోడు ఎక్కించక ముందే ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది. తర్వాతి లోడుకు రాత్రంతా అతని గదిలో 14 డిగ్రీల దగ్గర కాయను చల్లార్చి, చిల్లులున్న అట్టపెట్టెల్లో సర్ది, నేల మీద ఆకు కాదు కదా కాగితం ముక్క కూడా లేకుండా ఎక్కించాం. నిజం ఒప్పుకోవాలి, అంత నిగనిగలాడే కాయ మా చేతుల మీదుగా ఢిల్లీలో ఎప్పుడూ దిగలేదు. నడిమధ్య పెట్టె 15 దాటలేదు. గది అద్దె, పెట్టెల ఖర్చు, కంటైనర్ కిరాయి తీసేశాక కిలోకు మిగిలింది మాత్రం జాలీ వ్యానులో మంచి లోడుకు మిగిలేదాని కన్నా తక్కువ.

ఇంకో సంగతి. ఐదు సీజన్లంటే నేను చెబుతున్నవన్నీ ఎండాకాలాలే. వానల్లో ఈదురు గాలికి జల్లు ఏటవాలుగా లోపలికి కొడుతుంది, జాలీ పక్క క్రేట్లలో కాడ కుళ్ళు వస్తుంది. జనవరిలో అయితే ఈ జాలీయే శత్రువు. ఉత్తరాదిలో రాత్రి గాలి 13 కన్నా చాలా కింద ఉంటుంది, ఒక్క రాత్రికే బయటి వరస తొక్క బూడిద రంగుకు తిరుగుతుంది. ఒకప్పుడు అమెరికాలో ఐసు వ్యాగన్లకు కప్పు మీద మూతలుండేవని, ఎండాకాలం ఐసు నింపడానికీ గాలికీ వాటినే తెరిచేవాళ్ళని, చలికాలం మూసేసి లోపల బొగ్గు కుంపట్లు పెట్టేవాళ్ళని మా అబ్బాయి చదివి చెప్పాడు. మేం గోనెసంచులు కట్టుకుంటాం. సగం దూరం పోయేసరికి అవి ఊడి వేలాడుతుంటాయట.

కాబట్టి నన్ను చూసి ఎవరూ లెక్కలు వేసుకోకండి. సొంత కోల్డ్ రూం ఉండి, కంటైనర్ మొత్తం నింపగలిగి, గ్రేడు కాయకు గ్రేడు ధర ఇచ్చే ఆడత్‌దారు ఉన్నవాళ్ళు చల్లటి కంటైనర్‌కే పోండి. నాకు ఉన్నది ఆరు టన్నుల వాటా, రాత్రి లోడింగ్, వెదురు బద్దలు. వ్యాను దారిలో ఆగదనే ధైర్యం ఉంటే నాకు జాలీయే చాలు. ఆ ధైర్యం ఇప్పుడు మునుపంత లేదు. అందుకే మే రెండో వారం తర్వాత పంపడం మానేశాను, ఆ కాయ నిజామాబాద్, హైదరాబాద్ లారీలకు ఇచ్చేస్తున్నాను.

ఈసారి మార్చి లోడుకు పాత వ్యానే మాట్లాడుకున్నాం. సందు వదిలి పేర్చాలంటే క్రేటుకు రూపాయి ఎక్కువ కావాలన్నాడు ముకద్దం. అర్ధరూపాయి దగ్గర తెగింది. పేర్చాక తనే వరసల మధ్య చెయ్యి మోచేతి దాకా దూర్చి చూపించాలని కూడా మాట తీసుకున్నాను.