అయస్కాంత క్షేత్రం జాడ దేనిలో వెతకడం మేలు: ఆవేశాలు విడిపోవడంలోనా, ప్రవాహం చీలడంలోనా?

రెండు బంగారు కేంద్రకాలు దాదాపు కాంతి వేగంతో వచ్చి, సూటిగా కాకుండా కాస్త పక్కగా ఢీకొంటే, తగలకుండా దూసుకుపోయిన ప్రోటాన్లు కరెంటులా పనిచేస్తాయి. వాటివల్ల పుట్టే అయస్కాంత క్షేత్రం లెక్క ప్రకారం సుమారు వంద లక్షల కోట్ల టెస్లాలు. ఆసుపత్రిలోని ఎంఆర్‌ఐ యంత్రానిది మామూలుగా 1.5 నుంచి 3 టెస్లాలే. అయితే ఆ క్షేత్రం పుట్టీపుట్టగానే మాయమవుతుంది. నేరుగా కొలవలేం, బయటికొచ్చిన కణాల్లో ఆనవాలు వెతకాల్సిందే.

ఎక్కువమందిని ఆకర్షించిన దారి కైరల్ మాగ్నెటిక్ ఎఫెక్ట్. ప్రోటాన్లలో ఉండే మూలకణాలే క్వార్కులు; వాటి స్పిన్ (భ్రమణం లాంటి గుణం) సాగే దిశలోనే ఉంటే కుడివాటం, ఎదురుగా ఉంటే ఎడమవాటం. ఈ రెండు రకాల సంఖ్య సమానంగా లేకపోతే, క్షేత్రం వెంబడి ధనావేశాలు ఒకవైపు, రుణావేశాలు ఇంకోవైపు జరుగుతాయి. ఇది రుజువైతే చాలా పెద్ద విషయం. కానీ ఒకే తల్లి కణం నుంచి పుట్టిన ధన, రుణ జంటలు దీర్ఘవృత్త ప్రవాహంలో (కణాలు అన్ని దిశల్లో సమానంగా కాక ఒక అక్షం వెంబడి ఎక్కువగా వెలువడటంలో) కలిసి సాగినా అచ్చం ఇలాంటి సంకేతమే వస్తుంది.

ఈ చిక్కు విప్పడానికే అమెరికాలోని బ్రూక్‌హేవెన్ ప్రయోగశాలలో 2018లో రుథీనియం-96, జిర్కోనియం-96 కేంద్రకాలను విడివిడిగా ఢీకొట్టించారు. బరువు ఒకటే, ప్రోటాన్లు మాత్రం 44, 40. కాబట్టి రుథీనియంలో సంకేతం బలంగా ఉండాలి. ఏ డేటా దేనిదో తెలియకుండా దాచి, గీటురాళ్లు ముందే రాసిపెట్టుకుని విశ్లేషించారు. 2021లో తెర తీస్తే ఆశించిన తేడా లేదు. రెండు కేంద్రకాల ఆకారం, పరిమాణం ఒకేలా లేకపోవడంతో పుట్టే కణాల సంఖ్యే మారిపోయి, పోలిక చిక్కుపడింది. ముందు పెట్టుకున్న నియమానికి చివరిదాకా కట్టుబడిన, ఈ ప్రయోగం చేసిన ‘స్టార్’ బృందమంటే నాకు ఎనలేని గౌరవం. అందులో తిరుపతి ఐసర్ వాళ్లూ ఉన్నారు.

రెండో దారి, పక్కకు మళ్లే ప్రవాహం, అంటే కణాలు ఒక పక్కకు ఎక్కువగా వెళ్లడం. క్షేత్రం వేగంగా తగ్గిపోతుంటే ఫారడే సూత్రం ప్రకారం విద్యుత్ క్షేత్రం పుడుతుంది. అది ప్రోటాన్లను ఒకవైపు, ప్రతిప్రోటాన్లను (రుణావేశమున్న వాటి ప్రతికణాలను) ఎదురువైపు నెడుతుంది. 2024లో స్టార్ ప్రచురించిన ఫలితంలో, ఈ రెంటి ప్రవాహాల తేడా సూటి ఢీలలో ధనంగా ఉండి, అంచు ఢీలలో రుణంగా మారింది. కేంద్రకాల నుంచి మోసుకొచ్చిన క్వార్కుల ప్రభావం తేడాను ధనంవైపే లాగుతుంది కాబట్టి, ఈ తిరగబాటుకు వేరే కారణం ఉండాలి. బేరియాన్లు (ప్రోటాన్ల వంటి కణాలు) ఎక్కువ ఉన్నచోటి నుంచి తక్కువ ఉన్నచోటికి వ్యాపించడంతోనూ ఇది సాధ్యమేనని కొందరు సిద్ధాంతవేత్తలు అంటున్నారు, ఆ అభ్యంతరం బలమైనదే.

అయినా క్షేత్రం ఉనికి పట్టుకోవడమే లక్ష్యమైతే నా ఓటు ప్రవాహానికే. మొదటి దారిలో క్షేత్రంతోపాటు క్వార్కుల వాటం తేడా కూడా ఉండాలి; ఇక్కడ ఆవేశం ఉంటే చాలు. చార్మ్ అనే బరువైన రకం క్వార్కులైతే ఇంకా నయం. అవి ఢీ జరిగిన తొలి క్షణాల్లో, క్షేత్రం గట్టిగా ఉండగానే పుడతాయి. సెర్న్‌లోని ఆలిస్ ప్రయోగం సీసం ఢీలలో చార్మ్ క్వార్కు ఉన్న డీ-సున్నా కణం, దాని ప్రతికణం ఎదురెదురు దిశల్లో మళ్లిన సూచన చూసింది, కానీ గణాంకాల లెక్కలో దాని బలం 2.7 సిగ్మా దగ్గరే ఆగింది, రుజువు అనడానికి అది చాలదు. ఎక్కువ డేటాతో ముందుగా తేల్చాల్సింది దీన్నే.