గేర్ వెండర్స్ ఓవర్‌డ్రైవ్: మూడు గేర్ల పాత మోటర్‌హోమ్‌కి పెట్టించొచ్చా?

పాత పెట్రోలు మోటర్‌హోమ్‌లలో (లోపలే ఇల్లులా అమర్చిన పెద్ద బండ్లు) ఎక్కువగా కనిపించే ఇంజను, ఆటోమేటిక్ గేరుబాక్సు జతలు రెండు: షెవర్లే 454 ఇంజనుకు టర్బో 400 గేరుబాక్సు, ఫోర్డ్ 460కి సీ6. రెండింటికీ ఉన్నవి మూడే గేర్లు, టాప్ గేరు నిష్పత్తి 1:1. అంత బరువు లాగాలి కాబట్టి వెనక ఇరుసులోని క్రౌన్ పినియన్ గేర్ల నిష్పత్తి 4.56, 4.88 లాంటివి వేస్తారు. 8ఆర్19.5 టైర్లు, 4.88 క్రౌన్ ఉన్న బండి 90 కి.మీ. వేగంలో పోతుంటే ఇంజను సుమారు 2,760 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) దగ్గర తిరుగుతుంది. ఇంజను శక్తిని నూనె ద్వారా గేరుబాక్సుకు అందించే టార్క్ కన్వర్టర్ జారుడు కలిపితే ఇంకొంచెం ఎక్కువే. ఇంజను అలా అరుస్తున్నంతసేపూ పెట్రోలు ఊరికే కాలుతున్నట్టే.

గేర్ వెండర్స్ కంపెనీ ఓవర్‌డ్రైవ్ యూనిట్ పని అదే వేగంలో ఆ ఆర్‌పీఎం దించడం. గేరుబాక్సు తోక హౌసింగ్ విప్పేసి, ఆ చోట బిగించే చిన్న ప్లానెటరీ గేరు పెట్టె ఇది. పాత బ్రిటిష్ కార్లలో వాడిన లేకాక్ డి నార్మన్‌విల్ ఓవర్‌డ్రైవ్ డిజైన్ నుంచి వచ్చింది. నిష్పత్తి 0.78 కాబట్టి పై లెక్కలో 2,760 కాస్తా 2,150కి దిగుతుంది. క్యాబిన్‌లో రొద తగ్గడం మొదటి రోజే తెలుస్తుంది.

ఆర్‌పీఎం 22 శాతం తగ్గింది కదా, పెట్రోలూ అంతే మిగులుతుందనుకుంటే పొరపాటు. బండి ముఖానికి ఎదురయ్యే గాలి ఏమీ తగ్గదు. మిగిలేదల్లా ఇంజను లోపలి రాపిడి, సగం మూసిన థ్రాటిల్ (ఇంజనుకు గాలి వదిలే తలుపు) గుండా గాలి పీల్చుకునే శ్రమ. చదును రోడ్డు మీద 10 శాతం దాకా లెక్క వేసుకోవడం మంచిది. లీటరుకు 3 కి.మీ. ఇచ్చే బండి 3.3 ఇస్తే, 10,000 కి.మీ.కి మిగిలేది దాదాపు 300 లీటర్లు. యూనిట్ ధర, బిగింపు కూలి కలిపి ఆ 300 లీటర్ల ఖరీదుతో భాగించి చూడండి, ఎన్ని పదివేల కి.మీ. తిరిగితే ఖర్చు తిరిగొస్తుందో తెలుస్తుంది. ఏడాదికి 3,000 కి.మీ. తిరిగే బండికి మైలేజీ ఒక్కదాని కోసం ఇది పెట్టించమని మేం చెప్పలేం.

దీని అసలు గొప్ప ఎత్తు ఎక్కేటప్పుడు తెలుస్తుంది. టర్బో 400లో రెండో గేరు 1.48, మూడోది 1.00. మధ్యలో పెద్ద అగాధం. రెండో గేరులో ఓవర్‌డ్రైవ్ వేస్తే 1.15 అవుతుంది. 75 కి.మీ. వేగంలో రెండో గేరు 3,400 ఆర్‌పీఎం అడిగితే, ఇది 2,650తో సరిపెడుతుంది. మూడో గేరులో ఈడ్చుకుంటూ, రెండులో కేకలు పెడుతూ పోయే బండికి ఊపిరి పోసే గేరు ఇదే.

డాష్‌బోర్డు మీద వాక్యూమ్ గేజ్ (ఇంజను గాలి పీల్చే గొట్టంలోని శూన్యతను పాదరసం అంగుళాల్లో చూపే మీటరు) లేకుండా మాత్రం దీన్ని వాడొద్దు. టాప్ ఓవర్‌డ్రైవ్‌లో చిన్న ఎత్తు వచ్చినా కాలు తెలియకుండానే కిందికి పోతుంది. వాక్యూమ్ 8 అంగుళాల కిందికి జారిందంటే కార్బురేటర్ అదనపు పెట్రోలు వదిలే దశ దగ్గరపడ్డట్టే. ముల్లు అక్కడికి రాగానే ఓవర్‌డ్రైవ్ తీసేయాలి. మొండిగా అలాగే నడిపితే చదును మీద మిగిల్చింది ఎత్తు మీద పోతుంది, ఇంజనూ వేడెక్కుతుంది.

బిగింపులో తేడా వచ్చేది ఎక్కువగా ప్రొపెల్లర్ షాఫ్ట్ (గేరుబాక్సు నుంచి వెనక ఇరుసుకు వెళ్లే కడ్డీ) దగ్గర. యూనిట్ పొడవు మేరకు షాఫ్ట్ ముందు భాగాన్ని కోయించి, మళ్లీ బ్యాలెన్స్ చేయించాలి. రెండు కొసల క్రాసుల (షాఫ్ట్ వంగే కీళ్లు) కోణాలు ఒక డిగ్రీ లోపు సమానంగా ఉండాలి, వాటిని పట్టుకునే యోక్‌లు ఒకే వరసలో రావాలి. బిగించాక ఏదో ఒక వేగంలోనే నేల వణుకుతోందంటే యూనిట్‌ని అనుమానించకండి, ముందు ఈ కోణాలు, షాఫ్ట్‌ను మధ్యలో మోసే సెంటర్ బేరింగ్ చూడండి. షెవర్లే పీ30 చాసీల్లో కొన్నింటికి పార్కింగ్ బ్రేకు డ్రమ్ము గేరుబాక్సు వెనకే ఉంటుంది. దాన్ని ఎక్కడికి మారుస్తారో డబ్బు కట్టకముందే తేల్చుకోవాలి. ఇంకోటి, ఓవర్‌డ్రైవ్ పట్టి ఉండగా రివర్స్ వేస్తే లోపల ఒక వైపే తిరిగే వన్‌వే క్లచ్ చితికిపోతుంది. రివర్స్‌లో యూనిట్ కరెంటు తెగేలా వైరింగ్ ఉందో లేదో జాకీల మీదే పరీక్షించండి. దిగుడు రోడ్లలో కూడా స్విచ్ తీసే ఉంచాలి, లేకపోతే ఇంజను బ్రేకింగ్ సరిపోదు.

వీటన్నిటికంటే ముందు, ఖర్చులేని పనులు కొన్ని ఉన్నాయి. బ్రేకు తొక్కకుండా కొంత దూరం నడిపి ఆపి, నాలుగు హబ్బుల వేడి చూడండి. ఒకటి మిగతావాటికంటే బాగా కాలుతోందంటే బ్రేకు పట్టేస్తోంది. కారణం చాలాసార్లు లోపల ఉబ్బిపోయిన రబ్బరు గొట్టం. ముందు టైరు మీద అరచేతిని అడ్డంగా లోపలికి ఒకసారి, బయటికి ఒకసారి రాయండి. ఒక వైపు నున్నగా, ఇంకో వైపు రంపంలా తగిలితే టో (ముందు చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) తప్పింది. రేడియేటర్ ఫ్యాను చల్లని ఇంజనుతో ఒకటి రెండు నిమిషాలు హోరెత్తడం మామూలే, ఆ తర్వాత కూడా ఆగకపోతే, వేడిని బట్టి ఫ్యానును పట్టి వదిలే విస్కస్ క్లచ్ పట్టేసింది. ఇవి సరిచేయకుండా ఓవర్‌డ్రైవ్ పెట్టిస్తే, చిల్లు కుండకు కొత్త మూత కొన్నట్టు ఉంటుంది.

ఫోర్డ్ ఈ4ఓడీ, జీఎం 4ఎల్80ఈ గేరుబాక్సులున్న బండ్లకు టాప్ గేరు ఎలాగూ 0.71, 0.75. మైలేజీ కోసమైతే వాటికిది అక్కర్లేదు.

పెట్టించాక మైలేజీ కొలిచే ముందు కిలోమీటర్ల మీటరును జీపీఎస్‌తో 50 కి.మీ. పోల్చి చూడండి. స్పీడోమీటర్‌కి యూనిట్ ముందునుంచి లెక్క వెళ్తుంటే, ఓవర్‌డ్రైవ్‌లో తిరిగిన దూరం 22 శాతం తక్కువ చూపిస్తుంది. అప్పుడు బాగుపడిన మైలేజీ కూడా పడిపోయినట్టే కనిపిస్తుంది. తర్వాత అదే పంపు, అదే రోడ్డు, అదే వేగం పెట్టుకుని, రానుపోను 200 కి.మీ. ఒకసారి ఓవర్‌డ్రైవ్‌తో, ఒకసారి లేకుండా నడిపి, ట్యాంకు నిండుగా పట్టించి లెక్క తీయండి.