స్టోరీవీవర్‌లో నాకు పనికొచ్చింది రీలెవెల్ బటనే

స్టోరీవీవర్ గురించి కొత్తగా చెప్పేదేమీ లేదు. పిల్లల కథల పుస్తకాల వెబ్‌సైట్ అది. ప్రథమ్ బుక్స్ వాళ్లు 2015లో మొదలుపెట్టారు, పుస్తకాలు ఉచితం, తెలుగులో బోలెడున్నాయి. పిల్లలున్న ఇళ్లలో చాలామందికి తెలిసిందే. నేను రాయాలనుకున్నది అందులో రీలెవెల్ అనే ఒక సౌకర్యం గురించి, అంటే అక్కడున్న పుస్తకాన్ని మన పిల్లల స్థాయికి తిరగరాసుకోవడం. రెండేళ్లకు పైగా వాడుతున్నాను. మా ఇంట్లో తెలుగు చదువు నిలబడిందంటే అది దాని చలవే.

మేముండేది హైదరాబాద్‌లో. మా అబ్బాయిని మూడో తరగతి తర్వాత బడి మాన్పించి ఇంట్లోనే చదివిస్తున్నాం. ఇంగ్లీషులో వయసుకు మించిన పుస్తకాలే చదువుతాడు. గ్రహాలు, గుహలు, భూమి లోపల ఏముంటుంది, ఇవే వాడి లోకం. తెలుగు ఎంతవరకు వచ్చో చూద్దామని, పల్లెల్లో పిల్లలకు చదవడం ఎంత వచ్చో చూసే అసర్ సర్వే వాళ్లు వాడే చదువు పరీక్ష కాగితం తెచ్చి ముందు పెట్టాను. అది కూడా ఉచితమే, తెలుగులో ఉంటుంది. అందులో అక్షరాలు, పదాలు, ఒకటో తరగతి స్థాయి పేరా, రెండో తరగతి స్థాయి కథ ఉంటాయి. ముందు పేరా ఇవ్వాలి. పదం పదంగా కాకుండా వాక్యంలా, మూడు తప్పులకు మించకుండా చదివితే కథ ఇస్తాం. లేకపోతే వెనక్కి వచ్చి పదాలు చదివిస్తాం. ఐదింటిలో నాలుగు సరిగ్గా చదివితే పదాల స్థాయి వచ్చినట్టు లెక్క. మావాడు పేరా దగ్గర ఆగిపోయాడు, పదాలు మాత్రం చదివాడు. అప్పటికి వాడికి తొమ్మిదేళ్లు.

తొమ్మిదేళ్ల బుర్రకు ఒకటో తరగతి తెలుగు. ఈ రెండూ కలిసే పుస్తకం ఎక్కడ దొరుకుతుంది?

ముందు ఒక ఆన్‌లైన్ తెలుగు కోర్సులో చేర్పించాం. డబ్బు కట్టే కోర్సే. పేరు రాయను. ఫారంలో పుట్టినతేదీ అడిగారు, దాన్నిబట్టి పెద్దపిల్లల బ్యాచ్‌లో వేశారు. మొదటి పాఠమే విద్యుదుత్పత్తి గురించి. చదవలేకపోతున్నాడని చెబితే ఐదేళ్ల పిల్లల బ్యాచ్‌కి మార్చారు. అక్కడ ఆవు, ఈగ, ఉడుత. వాడు కెమెరా ఆపేసుకుని కూర్చున్నాడు. ఈ రెండింటికీ మధ్య ఇంకేమైనా ఉందా అని అడిగితే లేదన్నారు. డబ్బు వెనక్కి రాలేదు. దానికంటే నాకు కోపం తెప్పించింది ఇంకోటుంది. మావాడు చదువుతుంటే రెండు నిమిషాలు విన్నవాళ్లు అక్కడ ఒక్కరూ లేరు.

స్టోరీవీవర్‌లో నాలుగు లెవెళ్లున్నాయి. ఒకటో లెవెల్ ఇప్పుడే చదవడం మొదలుపెట్టేవాళ్లకి, మూడో లెవెల్ సొంతంగా చదవగలిగేవాళ్లకి. ఒకటో లెవెల్ పుస్తకాలు మావాడు చదవగలడు కానీ చదవనన్నాడు. మూడో లెవెల్‌లో బావుల గురించి ఒక పుస్తకం ఉంది. బొమ్మలు చూసి ముచ్చటపడ్డాడు. రెండు పేజీలు చదివేసరికి ముఖం మాడిపోయింది. రీలెవెల్ నొక్కింది ఆ రోజే.

బొమ్మలు అలాగే ఉంటాయి. మనం ఒక్కో పేజీలో మాటలు మార్చుకుంటూ పోయి, లెవెల్ మార్చి దాచుకోవచ్చు. ఆ పుస్తకాలు క్రియేటివ్ కామన్స్ లైసెన్సుతో వస్తాయి కాబట్టి ఇలా తిరగరాయడం దొంగతనం కాదు. అసలు రచయిత పేరు, బొమ్మలు వేసినవారి పేరు మాత్రం ఉంచాలి.

రాయబోయేముందు, మావాడు ఎక్కడెక్కడ ఆగుతున్నాడో పెన్సిల్‌తో గుర్తుపెట్టాను. భూగర్భజలం దగ్గర ఆగుతాడనుకున్నాను. అక్కడ ఒక్కసారే ఆగాడు. అర్థం అడిగి తెలుసుకున్నాక, ఆ మాట వచ్చిన ప్రతిచోటా గొంతు పెంచి మరీ చదివాడు. వాడిని పడేసింది క్రియల తోకలు. ‘ఇంకిపోతున్నందువల్లనే’, ‘చేరుకోలేకపోయినప్పుడు’ లాంటివి. అక్షరాలన్నీ కూడబలుక్కుని చివరికి చేరేలోపు మొదలు మర్చిపోతున్నాడు. పుస్తకం మీద వేసే లెవెల్ నంబరు ఒక పిల్లవాడు ఎక్కడ తడబడతాడో చెప్పలేదు. అది ఇంట్లోవాళ్లు పక్కన కూర్చుని చూసుకోవాల్సిందే.

అందుకని పెద్ద మాటల్ని అలాగే ఉంచి, తోకలు కత్తిరించాను. ఒక పేజీలో నేను రాసింది ఇది: “వాన పడింది. నీళ్లు ఎటు పోయాయి? కొన్ని చెరువులోకి. కొన్ని నేలలోకి. నేలలోకి దిగిన నీరే భూగర్భజలం.” నేల అడుగున పొరలు చూపించే బొమ్మ మీద వేలు పెట్టి, ఒక్కో పొర దిగుతూ ఒక్కో వాక్యం చదివాడు. తెలుగులో ఒక పుస్తకం మొదటి పేజీ నుంచి చివరి పేజీదాకా వాడు సొంతంగా చదవడం అదే మొదటిసారి.

కానీ నేను అసలు అనుకోనిది ఆ తర్వాత జరిగింది. నేను రాస్తుంటే పక్కన కూర్చుని చూసేవాడు. ఒకరోజు వచ్చి, “అమ్మా, నేను చెల్లికి ఒకటి చేస్తా” అన్నాడు. చెల్లికి ఐదేళ్లు. గుణింతాలు వచ్చాయి, ఒత్తులు ఇంకా రాలేదు. “దానికి ఒత్తులు రావుగా, మొత్తం తీసేస్తా.”

చెట్టు మీద కోతి కథ తీసుకున్నాడు. మొదటి వాక్యంలోనే ‘పెద్ద చెట్టు’ ఉంది. చెట్టులో ఒత్తు. మొక్క అందామనుకున్నాడు, అందులోనూ ఒత్తే. నన్ను అడిగితే నాకూ వెంటనే తోచలేదు. అనంతపురంలో ఉన్న వాళ్ల అవ్వకి ఫోన్ చేశాడు.

“అవ్వా, చెట్టుని ఒత్తు లేకుండా ఏమంటారు?”

“మాను అనరాదా నాయనా.”

అంతే, ఎగిరి గంతేశాడు. ఇంకా ‘పెద్ద’ మిగిలింది. అదీ ఒత్తున్న మాటే. చాలాసేపు బొమ్మ వంక చూస్తూ కూర్చుని చివరికి ఇలా రాశాడు: “ఇది మాను. ఊరికంతా దీని నీడే.” కోతి ‘ఎక్కింది’ అనడానికి లేదు కాబట్టి “కోతి పైకి పోయింది” అని పెట్టాడు. నేను ఒక్క మాట కూడా సాయం చేయలేదు.

చెల్లి వేలు పెట్టి చదువుతుంటే వీడు ఊపిరి బిగబట్టి చూశాడు. ‘ఊరికంతా’ దగ్గర కాసేపు ఆగి దాటేసింది. “కోతి మళ్లీ కిందకి రాదా అన్నా?” అని అడిగింది. అంటే కథ అర్థమైందన్నమాట.

చెల్లికోసం ఒక పేజీ రాయాలంటే వీడు అసలు పేజీని ఎన్నిసార్లు చదవాలో ఆలోచించండి. ఏది తీసేయాలో తెలియాలంటే అందులో ఏముందో పూర్తిగా తెలియాలి. మళ్లీ చదవరా అని నేను బతిమాలినన్ని రోజులూ రెండోసారి పుస్తకం తెరవని పిల్లవాడు, ఒత్తులు ఏరడానికి అదే పేజీ మీద గంటసేపు కూర్చున్నాడు. కొన్ని నెలల తర్వాత అసర్ కాగితం మళ్లీ ఇస్తే పేరా దాటి కథ చదివేశాడు.

పైన నిలబడిందన్నాను కానీ, అంత తేలిగ్గా ఏమీ నిలబడలేదు. ఒక పుస్తకం తిరగరాయడానికి నాకు ఒక సాయంత్రం పూర్తిగా పడుతుంది. తెలుగు టైపింగ్ చేతికి అలవాటు ఉండాలి. సమాచారం చెప్పే పుస్తకాలకు ఈ పద్ధతి బాగా కుదురుతుంది. నవ్వించే కథలకు, పాటలాగా నడిచే కథలకు పనికిరాదు. వాక్యం కోస్తే నవ్వు కూడా పోతుంది. వాటిని ముట్టుకోకుండా నేనే చదివి వినిపిస్తున్నాను. ఇంకోటి, మధ్యలో కొన్నాళ్లు మావాడు మేం మార్చని పుస్తకాలు ముట్టనన్నాడు. “మన బుక్ లేదా?” అనేవాడు. అప్పటినుంచి మనం రాసింది ముందు, అసలుది తర్వాత, అదీ నేనొక పేజీ వాడొక పేజీ చదవాలని పెట్టుకున్నాం. ఇప్పటికీ పొడుగాటి పేజీ వాడి వంతుకి వస్తే నా వైపు తోస్తాడు.

అందరికీ ఇది అవసరమని చెప్పను. పిల్లల వయసూ చదువూ సమానంగా ఉంటే ఉన్న లెవెళ్లే సరిపోతాయి, రీలెవెల్ జోలికి పోనక్కర్లేదు. నేను ఇంట్లో ఉంటాను, తెలుగు మీడియంలో చదువుకున్నాను, చెల్లి చదివే వయసులో ఉంది, ఫోన్ చేస్తే మాట అందించే అవ్వ ఉంది. ఇవన్నీ కలిసొచ్చాయి. ఇద్దరూ ఉద్యోగాలు చేసే ఇంట్లో నెలకు ఒక్క పుస్తకం చేసినా గొప్పే. అంత కూడా వీలుకాకపోతే, పిల్లలు చదువుతుంటే పక్కన కూర్చుని ఆగినచోటల్లా పెన్సిల్ గుర్తు పెట్టండి. అది చూస్తే తర్వాత ఏ పుస్తకం ఇవ్వాలో చాలావరకు తెలిసిపోతుంది.

మావాడి చేత ముందుముందు ఎన్‌ఐఓఎస్ (జాతీయ ఓపెన్ స్కూల్ సంస్థ) లెవెల్ బి పరీక్ష, అంటే ఐదో తరగతికి సమానమైనది, రాయించాలనుకుంటున్నాం. అక్కడి పాఠానికి తోకలు కత్తిరించి ఎవరూ ఇవ్వరు. అందుకే ఈమధ్య నేను తిరగరాయడం బాగా తగ్గించాను. చెల్లి పుస్తకాలు మాత్రం పూర్తిగా వాడికే వదిలేశాను. ఇప్పుడు ఆ పిల్లకి ద్విత్వాలు వచ్చేశాయి కాబట్టి, సంయుక్తాక్షరాలు మాత్రమే తీసేస్తున్నాడు.