వారానికొక వ్యాసం: డిగ్రీ తరగతిలో మ్యాగజైన్ చదువు, ఆరేళ్ల తరువాత

కందుకూరు పరిసరాల్లోని ఒక డిగ్రీ కళాశాలలో ఇంగ్లిష్ బోధిస్తున్నాను. మొదటి సంవత్సరం విద్యార్థుల చేత వారానికొక మ్యాగజైన్ వ్యాసం చదివించి, దాని మీద ఒక పేజీ రాయించే పద్ధతిని 2019 జూలైలో మొదలుపెట్టి, కోవిడ్ మూలంగా కుంటుపడిన ఏడాదిన్నరను మినహాయిస్తే ఇప్పటిదాకా వదలకుండా నడుపుతున్నాను. ఇలాంటి పద్ధతుల గురించి శిక్షణ తరగతుల్లో వినిపించే మాటలు చాలా వరకు మొదటి నెల ఉత్సాహంలో పుట్టినవే గనుక, ఇన్నేళ్ల వాడకంలో ఏది నిలబడింది, ఏది కొట్టుకుపోయింది అన్నది ఉన్నదున్నట్టు రాస్తున్నాను. నా తీర్పు ముందే చెబుతాను. పద్ధతి పని చేస్తుంది. దీనివల్ల పిల్లలకు కొత్త మాటలు వస్తాయని ఆశించి మొదలుపెట్టాను. మాటలు కొన్నే వచ్చాయి. రచయిత ఏమన్నాడు, ఎంతవరకే అన్నాడు అని ఆగి చూసుకునే అలవాటు మాత్రం నేను అనుకున్నదానికంటె ఎక్కువగా వచ్చింది.

మా తరగతికి వచ్చే పిల్లలు గుడ్లూరు, లింగసముద్రం, వలేటివారిపాలెం, ఉలవపాడు మండలాల నుంచి, కొందరు పామూరు, కనిగిరి వైపు నుంచి బస్సుల్లో వస్తారు. ఇంటర్ దాకా తెలుగులో చదివినవారే ఎక్కువ. రాష్ట్రంలోని డిగ్రీ కళాశాలలను 2021-22 విద్యా సంవత్సరం నుంచి ఇంగ్లిష్ మాధ్యమంలోకి మార్చాక, అంతకుముందు ఇంగ్లిష్ పేపరు ఒక్కదానికే పరిమితమైన ఇబ్బంది అర్థశాస్త్రానికీ, వాణిజ్యానికీ, చరిత్రకూ పాకింది. పాఠ్యపుస్తకం తెరవకుండా గైడులోని ఐదు మార్కుల జవాబులతో మూడేళ్లు గడిపేయడం సాధ్యమే. చాలామంది గడుపుతున్నారు కూడా. ఒక పొడుగాటి గద్యాన్ని మొదటి వాక్యం నుంచి చివరి వాక్యం దాకా సొంతంగా చదివిన అనుభవం లేకుండానే పట్టా చేతికి వస్తోంది. నేను మ్యాగజైన్లను ఆశ్రయించింది ఆ ఒక్క లోటు కోసమే.

ఏ పత్రిక అన్నది మొదటి చిక్కు. చెన్నై నుంచి వెలువడే ఫ్రంట్‌లైన్ పక్షపత్రికను నేను ఇష్టంగా చదువుతాను గనుక విద్యార్థులకూ అదే ఇచ్చాను. అది నా తప్పు. అందులో వ్యాసాలు పొడుగు, వాక్యాలు పొడుగు, నేపథ్యం తెలుసుననుకుని మొదలవుతాయి. ఇండియా టుడే, ది వీక్ లలో రెండు మూడు పేజీల్లో ముగిసే కథనాలు దొరుకుతాయి గనుక మొదటి సెమిస్టరుకు అవే నయం. పాల్ నేషన్ వంటి భాషాబోధన పరిశోధకులు చెప్పిన లెక్క ఒకటి ఇక్కడ నాకు బాగా పనికి వచ్చింది: ఎవరి సాయమూ లేకుండా ఒక పాఠం అర్థం కావాలంటే అందులోని మాటల్లో నూటికి 98 దాకా ముందే తెలిసి ఉండాలి. అంటే 500 మాటల పేజీలో తెలియనివి పదికి మించకూడదు. ఇప్పుడు కొత్త సంచిక రాగానే ముందుగా ముగ్గురు విద్యార్థులకు ఒక పేజీ ఇచ్చి, తెలియని మాటల కింద పెన్సిలుతో గీత గీయమంటాను. తరగతిలో నా సాయం ఉంటుంది గనుక పది దాటినా పరవాలేదు గాని, గీతలు ఇరవై ముప్ఫై దాటితే ఆ వ్యాసాన్ని రెండో సెమిస్టరుకు వాయిదా వేస్తాను. పరీక్ష పది నిమిషాలది. దీన్ని ముందే తెలుసుకుని ఉంటే మొదటి ఏడాది పిల్లల్ని అంత హింసపెట్టి ఉండేవాణ్ణి కాదు.

మొదటి ఏడాది చేసిన రెండో తప్పు ప్రశ్నాపత్రం. ప్రతి వ్యాసానికీ పది ప్రశ్నలు తయారుచేసి, జిరాక్సు తీయించి పంచాను. పిల్లలు వ్యాసం చదవడం మానేసి, ప్రశ్నలో ఉన్న మాట వ్యాసంలో ఎక్కడుందో వెతికి, ఆ వాక్యాన్ని ఎత్తి రాశారు. పదికి తొమ్మిది మార్కులు వచ్చిన అబ్బాయిని వ్యాసం దేని గురించి అని అడిగితే తెల్లమొహం వేశాడు. అతని తప్పేమీ లేదు. నేను అడిగింది వెతకడమే, అతను వెతికాడు.

ఆ తరువాత ప్రశ్నలన్నీ తీసివేసి ఒకే పేజీ నోటు అడగడం మొదలుపెట్టాను. అందులో ముందుగా రచయిత ప్రధానంగా ఏమంటున్నాడో ఒక్క వాక్యంలో తెలుగులో రాయాలి. తెలుగు అని విని తోటి అధ్యాపకులు కొందరు నొసలు చిట్లించారు గాని, అర్థమైందో లేదో తేల్చేది ఆ వాక్యమే. అర్థం కానిదాన్ని ఇంగ్లిష్‌లో అటూ ఇటూ తిప్పి రాయవచ్చు. సొంత భాషలో రాస్తే బండారం బయటపడుతుంది. ఆ తరువాత అదే సంగతిని ఇంగ్లిష్‌లో రెండు వాక్యాల్లో చెప్పాలి. వ్యాసంలో రచయిత మలుపు తిరిగిన పేరాను, అంటే ‘అయితే’ అని అడ్డం తిరిగిన చోటును, గుర్తించి అక్కడ ఏం మారిందో రాయాలి. చివరగా తనకు నమ్మకం కుదరని వాక్యం ఒకటి ఎత్తి చూపాలి. కొత్త మాటలు మూడింటికి మించి రాయకూడదు. ముప్ఫై రాసిన పిల్లకు ఒక్కటీ నిలవదు.

నమ్మకం కుదరని వాక్యం అన్న చోటే ఈ పద్ధతికి ప్రాణం వచ్చింది. అమెరికా మన సరుకుల మీద సుంకాన్ని 2025 ఆగస్టు 27 నుంచి 50 శాతానికి పెంచినప్పుడు, మా తరగతిలో రొయ్యల చెరువుల కుటుంబాల పిల్లలు ఐదారుగురు ఉన్నారు గనుక, రొయ్యల ఎగుమతుల మీద వచ్చిన వ్యాసాలు వరుసగా మూడు వారాలు చదివించాను. ఒక వ్యాసంలో ‘100 కౌంట్’ ధర గురించి ఉంటే, నేను బోర్డు దగ్గర నిలబడి, కౌంటు ఎక్కువైతే రొయ్య పెద్దదన్న ధోరణిలో వివరించుకుంటూ పోయాను. వెనక వరుసలోంచి ఒక అమ్మాయి లేచి, “సార్, కౌంటు పెరిగితే రొయ్య చిన్నదవుద్ది. కిలోకి ఎన్ని తూగుతాయో అది కౌంటు. ముప్ఫై కౌంటంటే పెద్ద రొయ్య” అంది. సెమిస్టరంతా నోరు విప్పని పిల్ల. ఆ వారం ఆమె రాసిన నోటు తరగతిలోకెల్లా మెరుగైనది. సుంకం భారం ఎగుమతిదారు మీద పడుతుందని రచయిత రాసిన వాక్యాన్ని పట్టుకుని, చెరువు గట్టు మీద ధర తగ్గించి కొంటే ఆ భారం రైతుదే గదా అని ప్రశ్నించింది. ఆమె ఇంగ్లిష్‌లో వ్యాకరణ దోషాలు ఆరు ఉన్నాయి, చదువులో మాత్రం దోషం లేదు.

అప్పటినుంచి వ్యాసాల ఎంపిక మార్చుకున్నాను. ముందే తెలిసిన విషయం మీద రాసిన వ్యాసాన్ని విద్యార్థి తన స్థాయికి మించిన భాషలో ఉన్నా చదవగలడు. తెలియని విషయమైతే తేలిక భాషలో ఉన్నా తడబడతాడు. పొగాకు పండించే ఇళ్ల పిల్లలకు వేలం కేంద్రం, బేలు, గ్రేడు, లోగ్రేడు ధర వంటివి చిన్నప్పటినుంచీ తెలుసు గనుక, పొగాకు బోర్డు మీద వచ్చిన రెండు పేజీల వ్యాసాన్ని వాళ్లు సునాయాసంగా దాటారు. అంతే నిడివి ఉన్న స్టార్టప్ కంపెనీల కథనం దగ్గర అదే పిల్లలు చతికిలబడ్డారు. అలాగని ఎల్లకాలం రొయ్యలూ పొగాకూ చదివిస్తూ కూర్చోలేము. మొదటి ఆరు వారాలు తెలిసిన విషయాలు, ఆపైన వాటిని ఆనుకుని ఉన్న విషయాలు, రెండో సెమిస్టరులో పూర్తిగా బయటివి అన్న క్రమం నాకు కుదిరింది. రొయ్యల నుంచి సుంకాలకు, సుంకాల నుంచి రూపాయి మారకం విలువకు నడిచి వెళ్లవచ్చు.

వార్తల ఇంగ్లిష్‌కు కొన్ని సొంత పోకడలు ఉన్నాయి. అవి పాఠ్యపుస్తకంలో కనిపించవు. శీర్షికల్లో జరిగిపోయినదాన్ని వర్తమానంలో రాస్తారు, జరగబోయేదాన్ని ‘టు’ పెట్టి రాస్తారు. ‘గవర్నమెంట్ టు లిఫ్ట్ బ్యాన్’ (ప్రభుత్వం నిషేధం ఎత్తివేయబోతోంది) అన్నదాన్ని ఒక అబ్బాయి ‘ప్రభుత్వానికి లిఫ్టు నిషేధం’ అని తెలుగు చేశాడు. మేమంతా నవ్వాము, తరువాత ఆ ఒక్క శీర్షిక మీదే గంట గడిపాము. మిలియన్, బిలియన్ లెక్కలు ఇంకొక గుంట. మిలియన్ అంటే పది లక్షలు, బిలియన్ అంటే వంద కోట్లు అని నోటికి వచ్చినా, వ్యాసం మధ్యలో 2.4 బిలియన్ ఎదురైతే దాన్ని 240 కోట్లుగా మార్చుకోకుండా దాటిపోతారు. నోటులో ప్రతి అంకెనూ లక్షల్లో, కోట్లలో తిరగరాయడం తప్పనిసరి చేశాక ఈ జబ్బు తగ్గింది.

అన్నిటికంటె కష్టమైనది ‘మే’, ‘కుడ్’, ‘అలెజ్డ్’ వంటి చిన్న మాటల సంగతి. ఆరోపణ ఎదుర్కొంటున్న వ్యక్తిని పిల్లలు తమ తెలుగు వాక్యంలో నేరుగా దోషిని చేసేవారు. ‘పెరగవచ్చు’ అన్నది ‘పెరుగుతుంది’ అయ్యేది. ఇది భాష రాకపోవడం వల్ల మాత్రమే వచ్చిన తప్పు కాదని నా అభిప్రాయం, ఎందుకంటె తెలుగు వార్త చదివి చెప్పమన్నా అలాగే చెప్పారు. ఈ మాటలకు గుండ్రంగా సున్నా చుట్టించి, అవి తీసేస్తే వాక్యం ఏమవుతుందో పక్కన రాయించడం ఒకటే నాకు దొరికిన మందు. దానికి రెండు నెలలు పట్టింది, కొందరికి ఏడాది పట్టింది.

దినపత్రిక చాలదా అని అడుగుతారు. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు ఆ తేడాను తరగతిలోనే చూశాము. మరునాటి దినపత్రికలో గాలివేగం, వానలెక్క, మునిగిన పొలాలు ముందు వచ్చి, ప్రాధాన్యం తగ్గుతూ కిందికి పోయాయి. పై రెండు పేరాలు చదివి వదిలేసినా నష్టం లేదు. మ్యాగజైన్ కథనం అలా నడవదు. ఒక రైతుతో మొదలై, నాలుగో పేరాలో గాని అసలు సంగతికి రాదు, కారణాలు మధ్యలో ఉంటాయి. పై రెండు పేరాలతో సరిపెట్టుకునేవాడు అందులో దెబ్బతింటాడు. డిగ్రీ పాఠ్యగ్రంథాలు రెండో రకానికి దగ్గర గనుక నా ఓటు మ్యాగజైన్‌కే. జిల్లా సంగతులకు మాత్రం నెల్లూరు నుంచి వెలువడే జమీన్ రైతు వంటి తెలుగు వారపత్రికను పక్కన పెట్టుకుంటే, ఒకే సంగతిని రెండు భాషల్లో, రెండు దూరాల నుంచి చూడడం కుదురుతుంది. 2022 ఏప్రిల్ 4న కందుకూరు ప్రకాశం నుంచి నెల్లూరు జిల్లాకు మారినప్పుడు మా పిల్లలు అంత ఆసక్తిగా మరేదీ చదవలేదు. 1970లో ఈ ప్రాంతాన్ని నెల్లూరు నుంచే విడదీశారని తెలిసి, మరి మధ్యలో యాభై ఏళ్లు ఎందుకు తిరిగినట్టు అని ఒకరు నోటులో రాశారు.

కేంద్ర ప్రభుత్వ ప్రచురణల విభాగం వెలువరించే యోజన మాసపత్రికను కూడా వాడాను. 1957 నుంచి వస్తున్న ఈ పత్రికకు తెలుగు ప్రతి కూడా ఉండడం మా వంటి తరగతులకు పెద్ద సదుపాయం. తెలుగులో చదివి, తరువాత ఇంగ్లిష్‌లో చదివించవచ్చు. అయితే తెలుగు ప్రతిలోని భాష అనువాదపు బరువుతో ఎంత బిగుసుకుపోయి ఉంటుందంటే, ఇంగ్లిషే తేలికగా ఉందని పిల్లలు చెప్పిన సందర్భాలు ఉన్నాయి. పైగా అందులో ప్రభుత్వ పథకాల వివరణే ఎక్కువ గనుక, నమ్మకం కుదరని వాక్యం వెతకమంటే పోటీ పరీక్షలకు చదివే పిల్లలు కంగారు పడతారు.

ఇక ఇబ్బందులు. కోవిడ్ కాలంలో పీడీఎఫ్‌లు ఫోన్లకు పంపడం శుద్ధ దండగ అయింది. ఆరంగుళాల తెర మీద మూడు నిలువు వరుసల పేజీని ఎవరూ చదవలేరు, చదవలేదు కూడా. నోట్లు ఒకరి నుంచి ఒకరు ఎక్కించుకోవడం ఎప్పటినుంచో ఉన్నదే. 2023 తరువాత ఫోనులోని కృత్రిమ మేధ చేత సారాంశం రాయించుకురావడం మొదలైంది. ఆ నోట్లను గుర్తుపట్టడం కష్టం కాదు, రాసినవారికే అర్థం కాని మాటలు వాటిలో ఉంటాయి. గుర్తుపట్టి చేసేదేమిటన్నదే ప్రశ్న. ఇప్పుడు నోటు ఇళ్లలో రాయనివ్వడం లేదు. తరగతిలో నలుగురికి ఒక ప్రతి చొప్పున ఇచ్చి, చదివాక మలుపు తిరిగిన పేరాను వేలితో చూపించి రెండు నిమిషాలు మాట్లాడమంటాను. ఫోను ఆ వేలికి సాయం చేయలేదు.

దిద్దుబాటు భారం గురించి ఎవరూ ముందుగా హెచ్చరించరు. 48 నోట్లు, ఒక్కొక్కదానికి ఐదు నిమిషాలు అంటే వారానికి నాలుగు గంటలు. రెండేళ్లు అలా చేసి, ఆరోగ్యం పాడుచేసుకుని, వారానికి పన్నెండు నోట్లు మాత్రమే దిద్దే పద్ధతికి దిగాను. ఎవరివి దిద్దుతానో ముందుగా చెప్పను. నాణ్యత ఏమీ పడిపోలేదు. చందాల సంగతీ అంతంతమాత్రమే. మొదటి ఏడాది సొంత డబ్బుతో కట్టాను. ఒక పత్రిక రెండు సంచికలకు ఒకటి మాత్రమే చేరేది, ఉత్తరాలకు జవాబు లేదు. చివరకు బస్టాండు దగ్గరి అంగడిలో కొనడమే మేలని తేలింది.

వ్యాకరణం దీనితో రాదు, ఉచ్చారణ రాదు, పరీక్షల్లో మార్కులు పెరిగిన దాఖలా కూడా నా దగ్గర లేదు, ఎందుకంటె పరీక్షలు ఇప్పటికీ గైడునే అడుగుతున్నాయి. నా గడియారం లెక్క ప్రకారం, జూలైలో 500 మాటల పేజీకి పదీ పన్నెండు నిమిషాలు తీసుకున్నవారు ఫిబ్రవరికి ఆరేడు నిమిషాల్లో చదివి సంగతి చెప్పగలుగుతున్నారు. ఇంగ్లిష్ అక్షరాల దగ్గరే ఆగిపోతున్న ఐదారుగురికి మాత్రం ఈ పద్ధతి ప్రతి ఏడూ అపకారమే చేసింది. వాళ్లకు వేరే పాఠం వేరే గంటలో చెప్పాలి.

పాత సంచికలు గీతలతో పాడైపోయాయని, వాటిని పాత కాగితాల వాడికి ఇచ్చేయమని గ్రంథాలయంలో అంటున్నారు. నేను ఇవ్వడం లేదు. 2022 నాటి బ్యాచి పెన్సిలు గీతల పక్కన ఈ ఏటి పిల్లలు వేరే రంగుతో గీస్తున్నారు, అప్పటివాళ్లు గీసిన చోట గీయనక్కర్లేదని వాదిస్తున్నారు కూడా.