పల్లావరంలో నాలుగొందల పది, క్లాసులో ఐదున్నర వేలు

ముందు డబ్బు సంగతి చెప్పేస్తాను, లేకపోతే నా కడుపు మంట చల్లారదు. పోయిన నెల చెన్నైలో "పాత వస్తువులతో కళ" అనే ఒక్కరోజు క్లాసుకి మనిషికి 2,750 చొప్పున ఇద్దరికీ 5,500 రూపాయలు కట్టాం. ముందు రోజు పల్లావరం సంతలో 410 రూపాయలకి సంచి నిండా సరుకు తెచ్చుకున్నాం. ఆ సంచి ఇంకా నా బల్ల మీదే ఉంది. క్లాసులో చేసింది నెల్లూరు రాగానే అటకెక్కింది.

నేను బడిలో డ్రాయింగ్ టీచర్ని. తాళంచెవులు, వాచీ చక్రాలు, గుండీలు, కుట్టుమిషను ముక్కలు, ఇలాంటివి చెక్క మీద అమర్చి బొమ్మలు చేస్తుంటాను. ఆర్నెల్లుగా ఒక్కటీ కుదరలేదు. సామాను ముందేసుకుని కూర్చోవడం, కాసేపటికి లేచి టీ పెట్టుకోవడం, అంతే. ఎక్కడికైనా పోయి కళ్ళు కడుక్కుని రావాలనిపించింది. మా ఆయనకి ఆడిట్ అడ్డొచ్చింది. టి.నగర్‌లో చీరలు చూడొచ్చని మా పిన్ని బయల్దేరింది. రైల్లో కూర్చున్నాక అసలు సంగతి చెప్పాను. "ఏందే, పాత సామాన్లు మనం అమ్ముతాం గానీ రైలెక్కి పోయి కొనుక్కొస్తామా?" అంది. గూడూరు దాటేదాకా అదే మాట.

పినాకిని ఎక్స్‌ప్రెస్ దిగి ఎగ్మూరులో లాడ్జికి పోయాం. రాత్రికి 1,900. ఫోటోలో కిటికీ చూసి బుక్ చేశాను, ఆ కిటికీ తీస్తే చేతికందే దూరంలో పక్క బిల్డింగు గోడ. వేణ్ణీళ్ళు పొద్దున ఏడున్నర దాకేనట, ఆ ముక్క ఎక్కడా రాసి లేదు, ఎనిమిదింటికి లేచాక చెప్పారు. ఇద్దరికి గది అని బుక్ చేస్తే, మంచం ఒకరికేనని, రెండో మనిషికి పరుపు వేసినందుకు 250 అదనం రాశారు. పరుపంటే చాప కంటే ఒక వేలు మందం. పిన్ని దాని మీద పడుకోనంది, నేనే పడుకున్నాను.

ఆ లాడ్జిలోనే ఇంకో అనుభవం. మెట్ల కింద దుమ్ములో వేలు పెట్టి తిప్పే నల్లటి పాత టెలిఫోను ఒకటి పడుంది. తీగ లేదు, వెనక మూత లేదు. ఆగి చూశాను. అదే నేను చేసిన తప్పు. "అమ్ముతారా?" అని అడిగే లోపే మేనేజరు "మూడు వేలు, యాంటిక్" అన్నాడు. పొద్దుటిదాకా అదే మెట్ల కింద చీపురుకి ఆనుకుని ఉన్న వస్తువు. పాత వస్తువు కావాలంటే దాని పక్కనున్నదాని ధర అడగాలి, దీని వైపు చూడకూడదు. ఇరవై ఏళ్ళుగా తెలిసిన సంగతే, అయినా మొహం దాచుకోలేకపోయాను.

శుక్రవారం పల్లావరం. సంత వారానికి ఆ ఒక్కరోజే, కాబట్టి ప్రయాణం దాని చుట్టూ వేసుకోండి. ఎగ్మూరులో తాంబరం లోకల్ ఎక్కితే నేరుగా పల్లావరంలో దిగొచ్చు, అక్కణ్ణుంచి జనం ఎటు పోతుంటే అటు నడవడమే. ఎండెక్కకముందే పోవాలి. ఎయిర్‌పోర్టు పక్కనే కాబట్టి నెత్తి మీదుగా విమానాలు పోతుంటాయి, బేరం మధ్యలో రెండు నిమిషాలు నోళ్ళు మూసుకోవాలి. కూరగాయలు, మొక్కలు, పావురాలు, కోళ్ళు, పాత బట్టలు, పగిలిన లాప్‌టాపులు, మోటార్లు, దేవుడి పటాలు లేని ఖాళీ ఫ్రేములు, అన్నీ రోడ్డు పొడవునా పట్టాల మీద పోసి ఉంటాయి. ఒకచోట సైకిలు సీట్లు వరసగా పెట్టి ఉన్నాయి. పికాసో 1942లో ఒక సీటూ ఒక హ్యాండిల్ బారూ కలిపి ఎద్దు తల చేశాడని పిన్నికి చెప్పాను. "సైకిలు ఏమైందట?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

పిన్ని లేకపోతే ఆ రోజు నేను వెయ్యి దాటించేదాన్ని. నాకు వస్తువు తెలుసు, ఆమెకి ధర తెలుసు. నలభై ఏళ్ళు వీధిలోకొచ్చిన పాత సామాన్లవాడితో తూకం దగ్గర పోట్లాడిన మనిషి. ఇత్తడి కిలో ఎంతకి పోతుందో, ఇనుము ఎంతకో, తక్కెడలో వేలు ఎక్కడ పెట్టి మోసం చేస్తారో అన్నీ నోటికి వచ్చు. నా హ్యాండ్‌బ్యాగులో ఎప్పుడూ చిన్న అయస్కాంతం ఉంటుంది. ఇత్తడి దానికి అంటుకోదు, పైన పూత పూసిన ఇనుమైతే టక్కున పట్టుకుంటుంది. నేను అయస్కాంతం పెట్టడం, అంటుకోగానే పిన్ని "ఇనుమే గదా అబ్బాయ్, ఇనుము రేటుకియ్యి" అనడం. గంటలో మా ఇద్దరికీ భలే కుదిరింది.

ఒక పెద్దాయన గోనెపట్టా మీద వాచీలు పోసుకుని ఉన్నాడు. మా తెలుగు విని "మా ఇంట్లోనూ తెలుగేమ్మా, మాట్లాడేది వస్తది, రాసేది రాదు" అన్నాడు. చెన్నైలో ఇలాంటివాళ్ళు అడుగడుక్కీ కనపడతారు. ఆయన దగ్గర ఆగిపోయిన హెచ్‌ఎంటీ వాచీ మిషను 120 రూపాయలకి కొన్నాను. జపాన్ సిటిజన్ కంపెనీ సాయంతో 1961లో బెంగళూరులో మొదలుపెట్టిన వాచీలవి. కీ ఇచ్చే ఆ పాత మిషన్లు విప్పితే ఒక్కో చక్రానికి ఒక ఇరుసు, ఇరుసు కొసన ఎర్రటి రాయి. కంటికి ఆనించి చూస్తే పళ్ళ మధ్య ఎవరో ఎప్పుడో వేసిన నూనె ఎండిపోయి ఉంటుంది. ఒక హెచ్చరిక. చీకట్లో మెరిసేలా చేసిన బాగా పాత డయళ్ళ మీది రంగు గోకొద్దు. 1960ల దాకా కొన్నింటికి రేడియం పూసేవారు. మెరుపు పోయినా రేడియం పోదు.

తాళంచెవుల గుత్తి 80. ఇత్తడి మూతలు రెండు కలిపి 150, వాటికి పిన్ని పావుగంట నిలబడింది. చివరికి 60 రూపాయలకి ఒక తుప్పు పట్టిన బిస్కెట్ డబ్బా, నిండా గుండీలు. ఏ దర్జీ దుకాణం మూతపడితే వచ్చిందో. కొన్ని కొబ్బరి చిప్పవి, కొన్ని ముత్యపు చిప్పవి. ముత్యపు చిప్ప గుండీ చెంపకి ఆనిస్తే చల్లగా తగులుతుంది, ప్లాస్టిక్ తగలదు. రోడ్డు మీద నిలబడి గుండీలు ఒక్కొక్కటీ చెంపకి పెట్టుకుంటుంటే పిన్ని సిగ్గుతో రెండు బారలు దూరం జరిగింది.

పల్లావరం నుంచి తిరుగు లోకల్లో పిన్నే మాట మొదలుపెట్టింది. చిన్నప్పుడు పగిలిన గాజు ముక్కల్ని దీపం మీద వేడి చేసి, వంచి, ఒకదాంట్లో ఒకటి దూర్చి గొలుసులు చేసి గుమ్మానికి కట్టేవాళ్ళట. వేలు కాలిన మచ్చ కూడా చూపించింది. చండీగఢ్‌లో నేక్ చంద్ అనే రోడ్డు ఇన్‌స్పెక్టరు ఇలాంటి పగిలిన గాజులు, పింగాణీ ముక్కలతోనే ఏళ్ళ తరబడి దొంగచాటుగా ఒక తోట కట్టాడని, 1976లో జనాన్ని రానిచ్చారని చెప్పాను. "మా అమ్మకి తెలిసుంటే కొట్టేది కాదు" అంది.

రాత్రి గదిలో డబ్బా బోర్లిస్తే అడుగున నాలుగు మడతల చీటీ. నీలం సిరాతో కొలతలు. అంకెలు తెలిశాయి, 34, 14, 27. పక్కన అరవం అక్షరాలు నాకు రావు. నీళ్ళు తెచ్చిన రూము బాయ్ చదివి పెట్టాడు. మార్బు అంటే ఛాతీ, తోళ్ అంటే భుజం, ఇది పొడవు. చివర "కై" అని ఉంది, చెయ్యి. దాని పక్కన కాగితం చినిగిపోయింది. ఆ లాడ్జిలో మాకు దొరికిన మంచి సేవ అదొక్కటే. ఆ అబ్బాయికి ఇరవై ఇచ్చాను. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు, పరుపు వల్లా కాదు, దోమల వల్లా కాదు.

మర్నాడు క్లాసు. ఊరికి దక్షిణాన డబ్బున్న వీధిలో, ఏసీ హాలు, గాజు కూజాలో పుదీనా నీళ్ళు. పదకొండు మందిమి. అందరి ముందూ ఒక్కో పళ్ళెం, అందులో చక్రాలు, తాళంచెవులు, చిన్న రెక్కలు. "వందేళ్ళ నాటివి, పాత బంగళాల నుంచి సేకరించాం" అని నేర్పే ఆవిడ మొదలుపెట్టింది. చక్రం చేతిలోకి తీసుకున్నాను. ఇరుసు లేదు, ఇరుసు దూరే చిల్లే లేదు. వెనక అచ్చు గీత. తాళంచెవి తల మీద అరిగినట్టు చిన్న నొక్కు ఉంది, ముచ్చటేసింది. పక్కమ్మాయి తాళంచెవి చూశాను. అదే నొక్కు, అదే చోట. దాని పక్క పళ్ళెంలోనూ అంతే. వాడుకుని అరగలేదు, అరిగినట్టే పోత పోశారు. చేతులు కడుక్కోవడానికి పోతే చెత్తబుట్టలో ప్లాస్టిక్ కవర్లు, ఒక్కోదాంట్లో 24 ముక్కలని స్టిక్కరు.

అడిగాను, గొంతు పెంచకుండానే. "మేడమ్, ముఖ్యం ఫీల్ కదా" అంది. అప్పటికి పిన్నికి ఆకలేస్తోంది. భోజనమని రాసిన చోట ఒక శాండ్‌విచ్చు, అరచేతిలో సగం కేకు ముక్క. పెరుగన్నం లేకుండా మధ్యాహ్నం దాటించిన రోజు ఆమె జీవితంలో లేదు. "అమ్మాయ్, ఈ పళ్ళెం మొత్తం తూకానికేస్తే నలభై రాదు. రెండువేల ఏడొందల యాభై ఎందుకు తీసుకున్నావో చెప్పు" అని తెలుగులోనే అడిగింది. హాల్లో సగం మందికి అర్థమైంది, ఇద్దరు కిసుక్కున నవ్వారు. డబ్బు వెనక్కివ్వడం కుదరదని, మెటీరియల్ వాడేశామని జవాబు.

నా మంట ఆ డబ్బు ఒక్కదాని గురించే కాదు. ఫోనులో ఒక బొమ్మ చూపించి పదకొండు మంది చేతా అదే చేయించారు. నల్ల చెక్క, మధ్యలో గడియారం, ఎడమన రెక్క. చక్రం కుడివైపు పెడితే ఆవిడే వచ్చి ఎడమకి జరిపింది. మా బడిలో ఐదో తరగతి పిల్లల చేత కూడా నేనలా చేయించను. న్యాయంగా ఒకటి ఒప్పుకోవాలి, జిగురు సంగతి బాగానే చెప్పారు. లోహాన్ని ముందు గరుకు కాగితంతో రుద్దాలి, రెండు ట్యూబుల ఎపాక్సీ సమపాళ్ళలో కలపాలి, ఒక రాత్రంతా కదపకూడదు. క్షణంలో అంటుకునే జిగురు వాడితే చుట్టూ తెల్లటి పొర వస్తుంది. ఆ జిగురు ట్యూబులు రెండూ వచ్చేటప్పుడు పిన్ని సంచిలో కనపడ్డాయి. నేనేమీ అడగలేదు.

ఇలాంటి క్లాసుకి డబ్బు కట్టేముందు, సామాను ఫోటో ఒకటి పంపమనండి. ఒకే రకం వస్తువు మూడు కనపడితే మూడింటినీ పోల్చి చూడండి. మన సామాను మనం తెచ్చుకోవచ్చా అని అడగండి. వద్దంటే మానేయండి.

ఆదివారం ఈస్ట్ కోస్ట్ రోడ్డు. క్యాబుకి 780 అయింది, తిరిగొచ్చేటప్పుడు తిరువాన్మియూరు దాకా బస్సులో వచ్చాం. దారిలో చోళమండలం దగ్గర దిగాం. 1966లో కె.సి.ఎస్. పణికర్, ఆయన శిష్యులు బాతిక్ బట్టలు, చేతిపనులు అమ్మిన డబ్బుతో నిలబెట్టుకున్న చిత్రకారుల ఊరది. అక్కడ శిల్పి నందగోపాల్ లోహపు రేకులు అతికి చేసిన శిల్పాలు చూస్తూ నేను గంట ఉండిపోయాను, పిన్ని చెట్టు కింద కునుకు తీసింది.

ముట్టుకాడులో పాత ఇళ్ళ మ్యూజియం దక్షిణచిత్రకి మాత్రం రోజంతా ఉంచుకోండి, మంగళవారం పోకండి, సెలవు. పడగొట్టి కలప అమ్ముకునే ఇళ్ళని కొని, విప్పి, తెచ్చి, దూలం దూలం మళ్ళీ నిలబెట్టారు. 1996లో తెరిచారు. చెట్టినాడు ఇల్లు, కేరళ ఇల్లు, మన ఉత్తర కోస్తా చుట్టిల్లు, ఇక్కత్ నేతగాళ్ళ ఇల్లు అన్నీ ఉన్నాయి. నేను తాళంచెవులు ఏరుకుంటుంటే వీళ్ళు తలుపులతో సహా ఇళ్ళే ఏరుకొచ్చారు. చెట్టినాడు ఇంటి అరుగు మీద పిన్ని కాళ్ళు చాపుకుని కూర్చుని, లాడ్జికి ఇచ్చిన డబ్బు ఇక్కడిచ్చి ఈ అరుగు మీదే పడుకోవాల్సింది అంది.

టి.నగర్‌లో ఆమె చీరలకి 6,400 పెట్టింది. ఆ లెక్క నన్ను ఎక్కడా రాయొద్దంది.

ఇప్పుడు నేను చేస్తున్నది ఒక చొక్కా. చీటీలో ఉన్న కొలతలకే చెక్క కోయించాను, ఛాతీ 34, భుజం 14, పొడవు 27. దాని మీద ఆ డబ్బాలోని గుండీలే, వేరేవి కలపను. జేబు దగ్గర హెచ్‌ఎంటీ మిషను. అంతా కుదిరింది, చెయ్యి దగ్గర ఆగిపోయాను, ఆ అంకె చినిగిపోయింది కదా. మొన్న పిన్ని వస్తే టేపు తీసి భుజం మీద పెట్టాను.

"నా చెయ్యి కొలతకి ఎంతిస్తావే?" అంది. ఇరవై దగ్గర బేరం మొదలెట్టాను, ఇంకా తెగలేదు.